గాడిద మీద పిల్లల తీర్పు

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తిట్టుకోకు. అమ్మ మోకాలు నయం, చిన్నోడి పరీక్షలయ్యాయి, ఇంటికి రంగులు దసరా తర్వాతే. ఇంటి కబుర్లు ఇంతే. నిన్న మన శనివారం పుస్తకాల గుంపులో పిల్లలు ఇచ్చిన తీర్పు నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. వరంగల్లో నువ్వూ మొదలుపెడతానన్నావు కదా, ఎలా చేయాలో కూడా కలిపే రాస్తున్నా.

పుస్తకం జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫామ్'. నీకు తెలిసిన కథే, జంతువులు యజమానిని తరిమేసి గోడ మీద ఏడు ఆజ్ఞలు రాసుకుంటాయి, పందులు పెత్తనం పట్టి వాటిని మెల్లగా మార్చేస్తాయి. పన్నెండు మంది పిల్లలు, ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ ఫస్టియర్ దాకా. అందరూ పెత్తనం చేసే నెపోలియన్ పందిని తిడతారు, ఒళ్లు వంచి పనిచేసి చివరికి కసాయికి అమ్ముడుపోయే బాక్సర్ గుర్రం కోసం బాధపడతారు, అక్కడితో అయిపోతుందనుకుంటాం కదా. "అందరికంటే ఎక్కువ తప్పు ఎవరిది? పేజీ చూపించాలి" అని చీటీలు రాయిస్తే ఏడింటిలో బెంజమిన్ పేరుంది. గాడిదరా!

తొమ్మిదో తరగతి అమ్మాయి, ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునే పిల్ల, లేచి చెప్పింది: "చదువు రానోళ్లను ఏమంటం సార్? బాక్సర్‌కు 'డి' దాటి అక్షరాలు రాలే. క్లోవర్ గుర్రానికి అక్షరాలన్నీ వచ్చు, కలుపుకొని చదువరాదు. ఈయనకు పందులకు వచ్చినంత వచ్చు. గోడ మీద రాత మారుతుంటే చూసుకుంట ఊకున్నడు. బండి మీద గుర్రాలను కోసేటోని పేరు ఉందని బాక్సర్‌ను ఎక్కించినంక చదివిండు. అప్పుడు చదివి ఏం ఫాయిదా?"

పదో తరగతి పిల్లాడు ఒప్పుకోలేదు. "నెపోలియన్ కుక్కలున్నయి కదా, నోరు తెరిస్తే చంపుతుండె" అన్నాడు. వాడి మాటా తీసేసేది కాదు, ఏడో అధ్యాయంలో కుక్కలు గొంతులు కొరికి చంపుతాయి. ఆ పిల్ల వెంటనే ఎనిమిదో అధ్యాయం తీసింది. ఆ చావుల తర్వాతే క్లోవర్ గోడ మీద, సాటి జంతువును చంపరాదన్న ఆరో ఆజ్ఞ చదివిపెట్టమని బెంజమిన్‌ను అడుగుతుంది, నాకెందుకీ గొడవ అంటాడు. అప్పుడు మ్యూరియల్ మేక చదివిపెడుతుంది. "మేక చదివింది కదా, మేకనెవరు చంపిండ్రు?" అంది. రఘూ, గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మన గడియారం మాస్టారు ఉంటే ఏం చేసేవారో నీకు తెలుసు!

సరే, పద్ధతి. మొదటి సంగతి, పుస్తకం వెనకున్న చరిత్ర ముందే చెప్పకు. ఇది సోవియట్ నియంత స్టాలిన్ గురించి అన్నావంటే పిల్లలు జతపరచుములోకి దిగుతారు, ఈ పంది ఎవరు, ఆ పంది ఎవరు అని. గీతలు గీసేశాక పుస్తకం అయిపోయినట్టే వాళ్లకి. తప్పెవరిది అనే ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. చరిత్ర చివరి పదిహేను నిమిషాల్లో చెప్పు. అప్పుడది వాళ్లు అడిగి తీసుకున్నట్టు ఉంటుంది. ఆర్వెల్ 1944లో రాయడం పూర్తిచేస్తే, సోవియట్ యూనియన్ అప్పుడు బ్రిటన్‌కు మిత్రదేశం కాబట్టి చాలామంది ప్రచురణకర్తలు వేయం పొమ్మన్నారనీ, చివరికి 1945 ఆగస్టు 17న వచ్చిందనీ చెప్పగానే ఎనిమిదో తరగతి బుడ్డోడు "అంటే వాళ్లు కూడా బెంజమిన్‌లేనా?" అన్నాడు. నేను చెప్పిస్తే వచ్చే మాటేనా అది?

రెండోది చీటీలు. మాటలు మొదలవ్వకముందే ఐదు నిమిషాలు, నాలుగు వాక్యాలు, పేజీ నంబరు తప్పనిసరి, పేరు అక్కర్లేదు. నోటితో మొదలుపెడితే గట్టిగా మాట్లాడే ఇద్దరి అభిప్రాయమే పన్నెండు మందిదీ అవుతుంది. అన్నిటికంటే ప్రమాదం మన అభిప్రాయం. మనం ముందు నోరు విప్పామా, ఆ రోజుకి అంతే. పిల్లలకు మార్కులు ఎక్కడ పడతాయో బాగా తెలుసు. మొదటి అరగంట ఇప్పటి పార్టీల పేర్లు, నాయకుల పేర్లు ఎత్తకూడదని నియమం పెట్టు. ఆ పేరు పడిందంటే ఇంట్లో టీవీ ముందు విన్నది వినిపిస్తారు, చదివింది పక్కకు పోతుంది. అరగంట తర్వాత ఎత్తనీ, అప్పుడు ఆపకు. అప్పటికి పేజీ చూపించే అలవాటు పడుంటుంది.

ఇంకోటి, ఇది నీకు బాగా నచ్చుతుంది. ఆజ్ఞలు తెలుగులో చార్టు మీద పెద్దక్షరాలతో రాయించా. ఇంగ్లీషులో పందులు కలిపే మాటలు వాక్యం చివర తోకలా వేలాడతాయి, ఇట్టే కనబడతాయి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి అవి మధ్యలో దూరిపోతాయి. 'ఏ జంతువూ మద్యం తాగరాదు' అనేది 'ఏ జంతువూ మితిమీరి మద్యం తాగరాదు' అయింది. 'సాటి జంతువును చంపరాదు' అనేదాంట్లో 'కారణం లేకుండా' అని దూరింది. పిల్లలను బయటికి పంపి, ఆ మాటలు పట్టేంత సందు ముందే వదిలిన చార్టులో రాసేసి, లోపలికి పిలిచా. ఎవరూ చూడలేదు. పావుగంట తర్వాత ఒకడు అరిచాడు. సందు వదలడం మర్చిపోకు, ఇరికించి రాస్తే దొరికిపోతుంది.

'ప్రజల మనిషి' నవల మీద వీళ్ల గోల వేరు. కథ ఇక్కడిదే, వట్టికోట ఆళ్వారుస్వామి రాసింది, అయినా గాడిద కంటే దూరంగా అనిపించిందట! కారణం తెలుసా, మాటలు. వెట్టి (కూలి లేని చాకిరీ), దేశ్‌ముఖ్ (పెత్తనం చేసే పెద్ద భూస్వామి), పట్వారీ (ఊరి భూముల లెక్కలు రాసేవాడు), జాగీరు (ప్రభువు ఇచ్చిన భూమి). ఒక్క పేజీ మాటల పట్టిక ముందే ఇవ్వాలి. అర్థాలన్నీ మనమే రాయొద్దు, సగం ఖాళీ వదిలి ఇంట్లో నానమ్మనో తాతనో అడిగి రాసుకురమ్మను. ఖాళీ వదిలిన 'వెట్టి'కి ఒకమ్మాయి మూడు పేజీలు రాసుకొచ్చింది. కథానాయకుడు కంఠీరవం మీద మాత్రం ఫిర్యాదు: "మంచోడే సార్, కానీ ఒక్క తప్పు గూడ చేయడు, నమ్మబుద్ధి కాదు." నేను ఒప్పుకోను. ఆ నవల వచ్చిన కాలానికి అలాంటి మనిషిని చూపించడమే... సరే, అది కలిసినప్పుడు. వాళ్లతో వాదించలేదు, చీటీ దాచిపెట్టా. ఇంటర్‌కి వచ్చాక మళ్లీ చదివించి అదే చీటీ చేతికిస్తా.

వచ్చే నెల ఉన్నవ లక్ష్మీనారాయణ నవల 'మాలపల్లి'. పెద్ద పుస్తకం, మొత్తం చదివించకు, నలభై పేజీలు ఎంచుకో. 1922లో వచ్చాక బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిందని ముందే చెప్పేసి, "ఈ పేజీల్లో వాళ్లకు భయం వేసిన వాక్యం ఏది? కింద గీత గీయండి" అని అడుగుతా. యానిమల్ ఫామ్‌కి చరిత్ర వెనక చెప్పమన్నా కదా, దీనికి ముందే ఎందుకంటే ఇక్కడ నిషేధమే ప్రశ్న. జిరాక్సు ఇద్దరికొకటి చాలు. ఒకే కాగితం మీద ఇద్దరూ గీత గీయాల్సివస్తే వాదన దానంతటదే పుడుతుంది.

తల్లిదండ్రులు వచ్చి "పిల్లలకు రాజకీయాలెందుకు" అంటారు, సిద్ధంగా ఉండు. జవాబు చెప్పకు, వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టు. పద్దెనిమిది నిండగానే ఓటు వేయాల్సిన పిల్లలు వీళ్లు, పదహారేళ్లకి ఒక్క పేజీ పట్టుకుని వాదించడం రాకపోతే...

లైబ్రరీలో లైట్లు ఆపుతున్నారు, తాళాలాయన నా బల్ల దగ్గరే నిల్చున్నాడు. ఆ పిల్ల చీటీ జిరాక్సు ఇందులోనే పెడుతున్నా, రెండో వైపు కూడా చదువు. మూడో అరటిపండు సంగతి మర్చిపోలేదు, డిసెంబరులో బుక్ ఫెయిర్‌కి వస్తే అప్పుడు

నీ
సూరి