జవాబుతో పాటు ఆధారం కూడా అడగండి

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. పెరంబూరులో మా వీధి తెలుగు పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెబుతుంటాను. తెలుగైనా తమిళమైనా గడగడా చదువుతారు. పుస్తకంలో లేని ప్రశ్న ఒక్కటి అడిగితే మాత్రం నా మొహం చూస్తారు, పాఠం వైపు చూడరు. తప్పు వాళ్లది కాదు. పాఠం చివర ఉండే బుక్ బ్యాక్ ప్రశ్నలకు గైడులోని జవాబులు బట్టీ పడితే మార్కులు వచ్చేస్తుంటే పాఠం మళ్లీ ఎందుకు తిరగేస్తారు?

తెలుగుగంగ గురించి మూడు వాక్యాలు ఇచ్చామనుకోండి. మద్రాసు కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీరు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. మన సరిహద్దులో అందాల్సింది 12 టీఎంసీలు. కండలేరు జలాశయం నుంచి పూండి జలాశయానికి ఆ నీరు కాలువలో వస్తుంది. ఎన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయంటే అందరూ చెబుతారు. మూడు ఐదులు పదిహేను కదా, మిగతా 3 టీఎంసీలు ఏమయ్యాయంటే? ఆ మాట ఈ మూడు వాక్యాల్లో లేదు. 'కాలువ' దగ్గర ఆగి, అంత దూరం పారే నీరు ఎండకు ఆవిరవుతుంది, నేలలోకి ఇంకుతుంది అని పిల్లలే తేల్చుకోవాలి. తాము తాగే నీళ్ల గురించి ఆ మాత్రం ఆలోచించడం వాళ్లకు రావాలి కదా!

కథలోనూ అంతే. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. కమలిని భర్తకు ఉత్తరం రాసిపెట్టి కనబడకుండా పోతుంది. ఉత్తరంలో ఏముంది అని అడిగి మనం ఆగిపోతాం. ఆ కాలంలో ఒక ఇల్లాలు అలా రాయగలిగిందంటే ఆ ఇంటి గురించి ఏం తెలుస్తోంది? ఆమె నిజంగా వెళ్లిపోయే మనిషేనా? చివర మంచం కింద ఆమె నవ్వు వినబడ్డాక వెనక్కి వెళ్లి మళ్లీ చదివించండి. పిల్లలు ఒక్కో వాక్యం దగ్గర ఎంతసేపు వాదించుకుంటారో!

పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసా 2009 ప్లస్ విడతలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నాయి. చదవడంలో రెండూ అట్టడుగు స్థానాల్లో నిలిచాయి. చదవడం, రాయడం, లెక్కలు నేర్పడానికి 2022లో మొదలైన 'ఎణ్ణుం ఎళుత్తుం' పథకం చిన్న తరగతులకు మంచి పునాది. ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ప్రశ్నపత్రం మారాలి.

ప్రతి భాషా పత్రంలో, సాంఘికశాస్త్రంలో కూడా ముందెప్పుడూ చూడని పేరా ఒకటి ఇవ్వండి. "ఏ వాక్యం చూసి అలా అనుకున్నావు?" అని అడగండి. జవాబుకు ఎన్ని మార్కులో ఆధారం చూపినందుకూ అన్ని మార్కులు ఉండాలి. దిద్దేవాళ్లకిచ్చే కీలో ఒకే జవాబు ఉంటే ఇదంతా వృథా. వాక్యం చూపించి నిలబెట్టుకున్న వేరే జవాబుకూ మార్కులు వేయమని రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే దీనికీ గైడు వచ్చేస్తుంది. ఇలాంటి ప్రశ్నలు తయారుచేయడంలో శిక్షణ ఇచ్చేటప్పుడు తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళ పత్రాలు తయారుచేసే టీచర్లనూ మరిచిపోవద్దు. ముందు క్వార్టర్లీ పరీక్షల్లో మొదలుపెట్టండి, అక్కడ పబ్లిక్ పరీక్షల టెన్షన్ ఉండదు.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక తెలుగు టీచరు