పాత బెంచ్ వైసుల పుట్టుక, నాణ్యత వేలం జాబితాలోనే రాయాలి

సంపాదకులకు,

ఆర్యా,

ఐటీఐలో ఫిట్టర్ కోర్సు ముగించి సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకోవాలనుకునే యువకులు తొలుత కొనే సామానులో బెంచ్ వైస్ ఒకటి, అంటే పని చేసే వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టే, బల్లకు అమర్చే పనిముట్టు. మంచి కొత్తది కొనే స్తోమత లేనివారు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాతది వెతుక్కుంటారు. అక్కడ నీలం రంగు వేసిన వైస్ కనిపిస్తే చాలు, అది 'ఇంగ్లండ్ మాల్' అయిపోతుంది. ఆ ఒక్క మాటను నమ్మి, కొత్త దేశవాళీ వైస్ ధరకు మించి చెల్లించి, పగుళ్లకు పుట్టీ పూసిన బీడు (పోత ఇనుము) ముద్దను ఆటోలో వేసుకుపోయినవారిని నేను ఎరుగుదును. అయితే తప్పంతా దుకాణదారులదే అనలేను. ప్రభుత్వ వర్క్‌షాపులు, శిక్షణ సంస్థలు, మూతపడిన కర్మాగారాలు తమ పనిముట్లను వేలం వేసేటప్పుడు జాబితాలో రాసే తీరులోనే ఈ గందరగోళానికి బీజం పడుతోంది. ఆ సంగతి చెప్పే ముందు, పాత వైస్ ఎక్కడిదో, ఎలాంటిదో ఎలా పోల్చుకోవచ్చో కొంత వివరించక తప్పదు.

నీలం రంగుకు ఈ గౌరవం ఊరికే రాలేదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ 'రికార్డ్' పేరుతో తయారుచేసిన వైసులు ఆ రంగులో వచ్చేవి. వాటిలో 3వ నంబరు నాలుగంగుళాల దవడలది, 5వ నంబరు అయిదంగుళాలది, 6వ నంబరు ఆరంగుళాలది. పేరు, నంబరు రెండూ పోతలోనే, అంటే లోహాన్ని అచ్చులో పోసినప్పుడే, ఉబ్బెత్తు అక్షరాలుగా వస్తాయి. ఆ నమూనా మన దేశంలోనూ బాగా వ్యాపించింది. దేశవాళీ తయారీదారులు తమ కేటలాగుల్లో ఇలాంటి వాటిని 'రికార్డ్ టైపు' అని నిజాయితీగానే రాసుకుంటారు. బేరం దగ్గరికి వచ్చేసరికి అందులోని 'టైపు' ఎక్కడో రాలిపోతుంది. రంగు డబ్బా ఎవరైనా కొనగలరు కనుక రంగును పూర్తిగా పక్కన పెట్టి, జా ప్లేట్ల (దవడల లోపలివైపు బిగించే ఉక్కు పలకల) మరలు విప్పించి, ప్లేటు వెనుక భాగం చూడటం మంచిది. మర గాడిలోనూ ప్లేటు అంచులోనూ కొత్త రంగు నిండిపోయి ఉంటే, ప్లేట్లు ఊడదీయకుండానే పైపైన రంగు పూశారని అర్థం. ప్లేటు కూర్చునే చోటు చదునుగా, మెషీన్‌తో కోసి చదును చేసిన గీతలతో ఉండాలి. అక్కడ గరుకు పోత కనిపిస్తే, ఏ దేశంలో పుట్టినా అది చవకరకమే.

నకలును పట్టుకోవడానికి పోత పనివాళ్లందరికీ తెలిసిన ఒక సంగతి పనికొస్తుంది. కరిగిన బీడు గట్టిపడి చల్లారేటప్పుడు దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది. అందువల్ల ఇసుకలో అచ్చు తీయడానికి నమూనా చేసే మేస్త్రీ అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున కొలత పెంచి నమూనా చెక్కుతాడు. ఎవరో చేసిన అసలు వైస్‌నే నమూనాగా ఇసుకలో దించి మరొకటి పోసుకున్నవాడికి ఆ వీలు ఉండదు. అసలు దానిలో 200 మిల్లీమీటర్లు ఉండే పొడవు నకలులో 198 దగ్గరికి దిగుతుంది. మెషీన్ చేసిన చోట ఈ తేడా చెరిగిపోతుంది కనుక, మెషీన్ తగలని గరుకు పోత భాగాన్నే, అంటే వైస్ ఒంటి (బాడీ) పక్కభాగం పొడవునో అక్షరాల వరుస పొడవునో, నమ్మకమైన వైస్‌తో పోల్చి కొలవాలి. ఇలాంటి నకళ్లలో అక్షరాల అంచులు కూడా గుండ్రంగా అరిగినట్టు ఉంటాయి, 'ఇ', 'ఎఫ్' వంటి ఇంగ్లీషు అక్షరాల మధ్య గీతలు పూడిపోతాయి. అసలు అక్షరాలను గ్రైండర్‌తో అరగదీసి, కొత్త పేరును పంచ్‌తో కొట్టినవి కూడా తిరుగుతున్నాయి. ఆ చోట ఏటవాలుగా వెలుతురు పడేలా టార్చి పట్టి చూస్తే చుట్టూ ఉన్న పోత గరుకుకూ అరగదీసిన నునుపుకూ తేడా వెంటనే తెలుస్తుంది.

బోల్టుల మీది మర చుట్ల కొలత కూడా సాక్ష్యం చెబుతుంది, కాకపోతే దానిని అతిగా నమ్మకూడదు. పాత ఇంగ్లండ్ వైసుల్లో విట్‌వర్త్ అనే అంగుళాల పద్ధతి మరలు ఉంటాయి, వాటి చుట్ల మధ్య కోణం 55 డిగ్రీలు. జర్మనీవి ఎక్కువగా మెట్రిక్, అమెరికావి వారి సొంత అంగుళాల పద్ధతి, ఈ రెంటికీ కోణం 60 డిగ్రీలు. అంగుళానికి ఎన్ని మర చుట్లన్నది ఇంగ్లండ్, అమెరికా పద్ధతుల్లో చాలా సైజులకు ఒకటే. అర అంగుళం బోల్టు దగ్గర మాత్రం ఇంగ్లండ్‌ది 12, అమెరికాది 13. మర చుట్లను కొలిచే థ్రెడ్ గేజ్ పెట్టి చూస్తే ఇది తేలిపోతుంది. అయితే మన దేశం మెట్రిక్‌కు మారకముందు మన కర్మాగారాలూ విట్‌వర్త్ మరలే వాడేవి. అందుచేత విట్‌వర్త్ మర కనబడినంత మాత్రాన అది ఇంగ్లండ్‌దేనని చెప్పలేం.

దేశం పేరు పోతలోనే ఉంటే కాలం కూడా కొంత తెలుస్తుంది. 'వెస్ట్ జర్మనీ' అని ఉన్న వస్తువు 1949కి, 1990కి మధ్యది. 'చెకోస్లొవేకియా' అని ఉంటే 1992 చివరిలోపుది. రష్యన్ లిపిలో అక్షరాలు, వాటి పక్కన అయిదు కోణాల ముద్ర ఉంటే అది 1967లో మొదలైన సోవియట్ నాణ్యతా చిహ్నం. ధరను కూడా రూబుళ్లలో వస్తువు మీదే వేసిన సోవియట్ పనిముట్లు ఉండేవి. ఇవన్నీ మన ప్రాంతానికి ఎలా వచ్చాయని ఆశ్చర్యపోనవసరం లేదు. రామచంద్రాపురంలోని భారీ విద్యుత్ యంత్రాల కర్మాగారం భెల్ చెకోస్లొవేకియా సహకారంతో, బాలానగర్‌లోని మందుల కర్మాగారం ఐడీపీఎల్ సోవియట్ సహకారంతో కట్టినవి. యంత్రాలతో పాటు ఆ దేశాల చేతి పనిముట్లు కూడా ఇటు చేరి ఉండటం సహజమే. గుజరాత్‌లోని అలంగ్‌లో విడగొట్టే ఓడల ఇంజన్ గదుల నుంచి వచ్చే సామాను మరొక దారి. బజారులో వీటికి ఇంగ్లండ్ పేరున్నంత గిరాకీ లేదు. కొనేవాడికి ఒక విధంగా అది అదృష్టమే, ఎందుకంటే బరువైన తూర్పు ఐరోపా వైసులు కొన్ని తక్కువ ధరకు దొరుకుతాయి.

ఇంతవరకు చెప్పినది పుట్టుక గురించి. పని చేసుకోవాల్సిన మనిషికి అసలు కావలసింది లోహం సంగతి. సాధారణ బూడిదరంగు బీడు ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది గానీ, లాగినా సుత్తితో కొట్టినా సులువుగా చిట్లుతుంది. మన ప్రమాణాల్లో ఎఫ్‌జీ 200 అని పిలిచే రకం పేరులోని 200 దాని తన్యబలం, అంటే లాగినప్పుడు తట్టుకునే బలం, మెగాపాస్కల్స్‌లో. ఎస్‌జీ ఐరన్ అనే సాగే గుణమున్న పోత ఇనుములో 500/7 రకం దానికి రెండున్నర రెట్ల బలం చూపుతుంది. సుత్తిదెబ్బకు పగలకుండా కొంత సాగుతుంది కూడా. జర్మనీకి చెందిన హాయర్ వంటివారు ఏకంగా ఉక్కును డ్రాప్ ఫోర్జింగ్ చేసి, అంటే ఎర్రగా కాల్చి అచ్చులో పెట్టి బరువైన యంత్రపు సుత్తితో కొట్టి, తయారుచేస్తారు. వీటిని వేరుచేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కనబడని చోట, ఒంటి అడుగున, ఆకురాయితో నాలుగు సార్లు గీస్తే బూడిదరంగు బీడు నల్లటి పొడిగా రాలి వేళ్లకు మసి అంటుతుంది. ఉక్కు మెరిసే సన్నటి రజనుగా వస్తుంది. గ్రైండర్‌కు తాకిస్తే బీడు నిప్పురవ్వలు ఎర్రగా, పొట్టిగా ఉంటాయి, ఉక్కువి పొడుగ్గా దూసుకుపోతాయి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట గీత సన్నగా ఉంటే పోత, వెడల్పుగా కోసి అరగదీసినట్టు ఉంటే ఫోర్జింగ్. వైస్‌ను బల్ల నుంచి తీసి చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో తట్టినప్పుడు ఉక్కు, ఎస్‌జీ ఐరన్ ఖంగుమని కాసేపు మోగుతాయి, బూడిదరంగు బీడు మొద్దుగా పలుకుతుంది. మామూలు పలుకు కూడా పోయి పగిలిన కుండలా జీరగా మోగితే ఎక్కడో పగులు ఉందని అనుమానించాలి.

ఆ పగులును కళ్లతో చూడాలంటే కిరోసిన్, సుద్దపొడి చాలు. ముందుగా వైర్ బ్రష్‌తో రంగు గీకి, కిరోసిన్ పూసి కొద్దిసేపు నానబెట్టి, బాగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. లోపల నిలిచిన కిరోసిన్ బయటికి ఊరి, తెల్లటి పొడిలో తడి గీతగా కనిపిస్తుంది. కదలని దవడ మెడ దగ్గర, కదిలే దవడ జారే రంధ్రం నోటి దగ్గర, బోల్టు చెవుల దగ్గర తప్పక చూడాలి. సుత్తిదెబ్బలకూ, హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించిన అతి బలానికీ ముందు లొంగేవి ఈ చోట్లే. పసుపు రంగు గీత కనిపిస్తే ఇత్తడితో అతికారని అర్థం. అతుకు శుభ్రంగా ఉంటే తేలిక పనులకు పరవాలేదు, ధర మాత్రం అందుకు తగ్గట్టు తగ్గాలి. హ్యాండిల్ వంగి ఉందంటే పైపు తొడిగిన చరిత్ర ఉన్నట్టే.

అరుగుదల సంగతికి వస్తే, వైస్‌ను పూర్తిగా తెరిచి కదిలే దవడను పైకి ఎత్తి చూడాలి. కొద్దిగా కదలడం సహజం, టకటకా కొట్టుకుంటే గైడ్ (దవడ జారే దారి) అరిగిపోయినట్టు. హ్యాండిల్‌ను ఒకవైపు తిప్పుతూ ఆగి రెండోవైపు తిప్పినప్పుడు దవడ కదలకుండానే అర చుట్టు తిరిగిపోతే నట్ మరలు సన్నబడ్డాయన్నమాట. దవడల రెండు చివర్లలో రెండు కాగితం ముక్కలు పెట్టి బిగించి లాగితే రెండూ గట్టిగా నిలవాలి. దవడల పైఅంచులు కింది అంచుల కంటే ముందు కలిస్తే దానిని లోపం అనుకోకూడదు, బిగించే కొద్దీ కింది అంచులూ కలుస్తాయి. కింద ముందు కలిసి పైన సందు మిగిలితే మాత్రం ఆ వైస్ సన్నటి పనికి పనికిరాదు. జా ప్లేటు మూలన ఆకురాయి పెట్టి గీస్తే జారిపోవాలి, కొరికితే గట్టిపరచని ప్లేటును తెచ్చి బిగించారని తెలుసుకోవాలి.

ఇన్ని పరీక్షలకు నిలిచిన దేశవాళీ వైస్, ఏ పరీక్షకూ నిలవని ఇంగ్లండ్ వైస్ కంటే నూరుపాళ్లు మేలు. బెంచ్ వైసులకు మనకు ఐఎస్ 2586 అనే ప్రమాణం చాలాకాలంగా ఉంది. ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద 'సీఎం/ఎల్' తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటే, ఆ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. గుర్తు ఒక్కటే ఉండి సంఖ్య లేకపోతే ఆ గుర్తును లెక్కలోకి తీసుకోనవసరం లేదు. పైన పటారం చూసి విదేశీ పేరుకు డబ్బు పోసేవారు, పక్కనే నల్లటి గ్రీజు పట్టి పడి ఉన్న మంచి దేశవాళీ వైస్‌ను చూడనైనా చూడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. రాణిగంజ్‌లో కొందరు పెద్దవాళ్లు అడగకుండానే జా ప్లేట్లు విప్పి చూపిస్తారు, లోపం ఉంటే ముందే చెబుతారు. అలాంటివారి వ్యాపారాన్ని కూడా ఈ 'ఇంగ్లండ్ మాల్' మాట దెబ్బతీస్తోంది.

ఇప్పుడు వేలం సంగతి. ప్రకటనల్లో సాధారణంగా 'పాత పనిముట్లు, ఇనుప తుక్కు, ఇన్ని కిలోలు' అని ఒకే లాట్‌గా రాసి, ఎలా ఉన్నది అలాగే, ఎక్కడున్నది అక్కడే అనే షరతుతో అమ్మేస్తారు. వర్క్‌షాపు స్టాకు పుస్తకంలో తయారీదారు పేరు, కొన్న సంవత్సరం, దవడ వెడల్పు రాసి ఉన్న వైస్, ఆ గేటు దాటగానే ఊరూ పేరూ లేని ఇనుముగా మారిపోతుంది. ఆ తర్వాత దానికి ఏ దేశం పేరు పెట్టినా కాదనే కాగితం మిగలదు. అమ్మిన సంస్థకు తుక్కు ధరే వస్తుంది, చివరికి కొన్న యువకుడు దానికి ఎన్నో రెట్లు కడతాడు.

అందువల్ల రెండు రాష్ట్రాల ఉపాధి, శిక్షణ శాఖలకు మీ పత్రిక ద్వారా విన్నవించేది ఒకటే. వైసులను తుక్కు లాట్లలో కలపకుండా విడిగా పెట్టి, స్టాకు పుస్తకంలోని తయారీదారు పేరు, కొన్న సంవత్సరం, దవడ వెడల్పు, కనిపించే పగుళ్లు, అతుకులు జాబితాలో రాయించాలి. ఒక ఫోటో జతచేస్తే మరీ మంచిది. ఈ పరిశీలనను ఐటీఐ ఫిట్టర్ విద్యార్థులతోనే, బోధకుల పర్యవేక్షణలో చేయిస్తే ఖర్చు ఉండదు, పైన చెప్పిన పరీక్షలు వారికి ప్రాక్టికల్‌గానూ అబ్బుతాయి. ఒక్కొక్క వైస్‌ను విడి లాట్‌గా పెట్టి, ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్నవారికి మొదటి అవకాశం ఇచ్చే వీలు ఉందేమో కూడా అధికారులు పరిశీలించాలి. కొన్నవారికి ఇచ్చే రసీదు మీద ఆ వివరాలన్నీ ఉండాలి, అప్పుడే వైస్ మరో చేతికి మారినప్పుడు ఆ కాగితమూ దానితో పాటే పోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత మెయింటెనెన్స్ ఫిట్టర్,
సికింద్రాబాద్