లెన్నన్ పాటలో కోసేసిన ముక్క

సంపాదకులకు నమస్కారం.

చనిపోయిన గాయకుల గొంతును ఏఐతో మళ్లీ వినిపించడం గురించి ఈమధ్య పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఎక్కడ చూసినా టెక్నాలజీ ఎంత ముందుకెళ్లిందో అన్న అబ్బురమే. ఆ గొంతుల్ని ప్రేమించి బతికిన అభిమానికి ఎలా ఉంటుందో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాలేజీ రోజుల నుంచీ నేను 1960ల నాటి బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ అభిమానిని. 2023 నవంబరు 2న వాళ్ల ఆఖరి పాట అంటూ ‘నౌ అండ్ దెన్’ విడుదలైంది. వారం తిరిగేసరికి బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది. 2025లో గ్రామీ సంగీత పురస్కారం కూడా వచ్చింది. అయినా సరే, ఆ పాట నన్ను నిరాశపరిచింది. ఇన్నాళ్లయినా ఆ నిరాశ తగ్గలేదు.

కారణం ఏఐ అనుకుంటారేమో, కాదు. అది బృందంలోని జాన్ లెన్నన్ సొంత గొంతే, యంత్రం పుట్టించింది కాదు. 1970ల చివర్లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో పియానో ముందు కూర్చుని మామూలు క్యాసెట్‌లో పాడుకున్న పాట అది. 1980లో ఆయన హత్యకు గురయ్యారు. 1994లో ఆయన భార్య యోకో ఓనో కొన్ని పాటల క్యాసెట్‌ను బృందంలోని మరో గాయకుడు పాల్ మెకార్ట్‌నీకి ఇచ్చారు. అందులోంచి రెండు పాటలు 1995, 96లలో బయటికొచ్చాయి. మూడోదైన ఈ పాటలో కరెంటు హమ్ (గుయ్‌మనే రొద) వినిపిస్తుంది, పియానో మోతలో గొంతు మునిగిపోతుంది. అందుకని పక్కన పెట్టేశారు. తర్వాత సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన ఏఐ సాఫ్ట్‌వేర్ పియానోను, గొంతును విడదీసింది. ఆ పనికి చేతులెత్తి మొక్కుతాను. అంత స్పష్టంగా ఆ గొంతు వినగలమని ఏ అభిమానీ అనుకోలేదు.

నా బాధ ఆ తర్వాత చేసిన పనితోనే. అభిమానుల మధ్య ఏళ్ల తరబడి చేతులు మారిన ఆ డెమోలో, అంటే లెన్నన్ ఇంట్లో పాడుకున్న ఆ క్యాసెట్ పాటలో, చరణం అయ్యాక పల్లవి అందుకునే ముందు ఒక ముక్క ఉంది. నిన్ను పోగొట్టుకోలేను అన్నట్టుగా సాగుతుంది. బాణీ ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది. మాటలు పూర్తిగా కుదరలేదు. కొన్నిచోట్ల నోటికొచ్చిన శబ్దాలతో నింపుకుంటూ వెళ్తారు లెన్నన్. పాట కట్టేవాడు మాట కోసం వెతుక్కుంటున్న చప్పుడు అది. నాకు ఆ పాటలో ప్రాణం అక్కడే ఉంది. 2023లో విడుదలైన పాటలో ఆ ముక్క లేదు, మొత్తంగా కోసేశారు. పాత పటం మీద మసి తుడవడం వేరు, పటంలో నిలబడ్డ మనిషిని కత్తిరించడం వేరు.

ఖాళీ చేసిన చోటు ఖాళీగానూ ఉంచలేదు. వాయులీనాలు నింపారు. 1960లలో వాళ్లే పాడిన వేరే పాటల నుంచి కోరస్ గొంతులు తెచ్చి అతికించారు. పాతికేళ్ల కుర్రాళ్ల గొంతులు వెనక, నడివయసు లెన్నన్ ముందు! నాకు మాత్రం అది ఒకే గదిలో పుట్టిన పాటలా వినిపించదు. వీడియోలోనైతే కుర్ర లెన్నన్ బొమ్మను తెచ్చి ముసలి మెకార్ట్‌నీ పక్కన గెంతులు వేయించారు. అది చూడలేకపోయాను.

మెకార్ట్‌నీ ప్రేమను శంకించడం లేదు. దాదాపు ఎనభై ఏళ్ల వయసులో స్నేహితుడి గొంతు పక్కన కూర్చుని, బృందంలో పోయిన మరో సభ్యుడు జార్జ్ హారిసన్ పద్ధతిలోనే స్లైడ్ గిటార్ వాయించారు ఆయన. కానీ 1990లలో క్యాసెట్ చేతికొచ్చినప్పుడు జార్జ్‌కు ఈ పాట నచ్చలేదని, అందుకే వదిలేశామని గతంలో చెప్పిందీ ఆయనే. టేపులోని లోపాలే అప్పుడు అడ్డమయ్యాయి, ఈరోజు ఉంటే జార్జ్ మనసారా చేయి కలిపేవారని జార్జ్ భార్య ఒలీవియా అన్నారు. కావచ్చు. అయితే ఒకరు 1980లో పోయారు, ఇంకొకరు 2001లో పోయారు. వాళ్ల తరఫున ‘సరే’ అన్నది బతికున్నవాళ్లే.

ఇదంతా ఎక్కడో లండన్ గొడవ, మనకెందుకు అనకండి. ఆ పాట వచ్చిన మర్నాడే విడుదలైన ఒక తెలుగు సినిమాలో బాలు గారి గొంతును ఏఐతో సృష్టించి వాడారు. కుటుంబాన్ని అడగలేదంటూ ఆయన కుమారుడు చరణ్ 2024 మొదట్లో లీగల్ నోటీసు పంపారు. ఆ రోజుల్లోనే రెహమాన్ ఒక తమిళ పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు. ఆయన మాత్రం కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని బహిరంగంగా చెప్పారు. చెప్పడంలోనే ఎంత తేడా ఉందో చూడండి.

మన కాపీరైట్ చట్టంలో 2012లో చేరిన 38బి సెక్షన్, ప్రతిష్ఠకు భంగం కలిగేలా తన ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కును గాయకులకు ఇచ్చింది. కానీ గాయకుడు అసలు పాడనే లేని పాటను ఆయన గొంతుతో పుట్టిస్తే ఏమిటన్నది అందులో రాసి లేదు. 2024 జులైలో బాంబే హైకోర్టు అరిజీత్ సింగ్ గొంతుకు రక్షణ కల్పించింది. ఆయన బతికున్నారు, కోర్టు మెట్లెక్కగలిగారు. ఘంటసాల గారి తరఫున ఎవరు ఎక్కాలి?

అందుకే నేను కోరేది నిషేధం కాదు. గాయకుడు పోయాక విడుదల చేసే ప్రతి పాటకూ, అందులో ఆయన నిజంగా పాడింది ఎంత, యంత్రం చేసింది ఎంత, కోసేసింది ఏది, ఎవరి అనుమతితో చేశారు అన్నది పాట వివరాల్లోనే రాసి తీరాలి. సినిమా పాటల వరకైనా తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఈ నియమం పెట్టుకోవచ్చు, చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అసలు రికార్డింగు ఉంటే అదీ, హమ్‌తో సహా ఉన్నది ఉన్నట్టుగా, కొత్త పాట పక్కనే పెట్టాలి. ఏది వినాలో మేం తేల్చుకుంటాం.

– ఒక పాఠకుడు, విజయవాడ