మన యాసలో ఇంగ్లీషు చెప్తే తప్పేటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను, ఇరవై రెండేళ్ల సర్వీసు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన "మాస్టారూ, మీ ఇంగ్లీషు మన తెలుగులాగే ఉంది, టీవీలోలాగ రాదేటి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను గానీ బండి మీద ఇంటికొస్తుంటే దారంతా అదే మాట.

నిజం చెప్పాలంటే మా టీచర్లలో చాలామందికీ ఇదే నమ్మకం, మన నోట వచ్చేదే తప్పు, మనం పిల్లలకేం నేర్పుతాం అని. అందుకే గ్రామర్ గంటసేపు చెప్తాం, పలకడం దగ్గరికొచ్చేసరికి "యూట్యూబ్‌లో వినండర్రా" అని తప్పించుకుంటాం, ఎలాగూ టెన్త్ పబ్లిక్‌లో వంద మార్కులూ రాతకే కదా. అసలు ఆ మాట "ప్రొనౌన్సియేషన్" కాదు "ప్రొనన్సియేషన్" అని నాకు తెలిసిందే పదేళ్ల సర్వీసు తర్వాత.

కానీ జెన్నిఫర్ జెంకిన్స్ అని ఒక ఇంగ్లాండ్ ఆవిడే 2000లో పుస్తకం రాసి, వేరే వేరే దేశాలవాళ్లు ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఏ శబ్దం తప్పితే అర్థం చెడుతుందో, ఏది తప్పినా పర్లేదో విడదీసి చెప్పింది. "థింక్"లో థ దొరలాగ రాకపోయినా నష్టం లేదట, షిప్పుకీ షీపుకీ తేడా మాత్రం వినబడాలట. మరి హ్రస్వం, దీర్ఘం మన పిల్లలకి ఒకటో క్లాసులోనే వచ్చు కదండీ! మనకి అసలు చిక్కు "వ" దగ్గర, పడమర వెస్టూ బనీను వెస్టూ మా క్లాసులో ఒకటే. పెదవి పళ్లకి తగలాలా, గుండ్రంగా చుట్టాలా అని ఒక్క పీరియడ్ అద్దం పట్టుకుని చేయించాను, పిల్లలు పడిపడి నవ్వారు, కానీ పట్టేశారు.

మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాష సవరల నోట విని నేర్చుకున్నారు, తర్వాత వాళ్ల పిల్లలకి పుస్తకాలు రాశారు, అది ఆయన పుట్టుభాషేం కాదు మరి.

ఆమధ్య ఒక ట్రైనింగ్‌లో రెండ్రోజులు ఇంగ్లీషులో ఉన్న 44 శబ్దాలకి ఒక్కోదానికీ వాడే గుర్తులు బోర్డు మీద రాయించారు, మమ్మల్ని ఒక్కసారి కూడా నోరు తెరవమనలేదు. ఈసారి పెట్టేటప్పుడు గుర్తులు పక్కనపెట్టి, తెలుగు నోటికి ఏది కష్టమో దానికి ఒక పూట ఇమ్మని అధికారులకి మీ పేపర్ ద్వారా నా మనవి. అద్దాలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక ఇంగ్లీష్ మాస్టారు, శ్రీకాకుళం జిల్లా