పైకి చూసి "ఏం మారింది?" అని అడిగినవాళ్లకి, అడగనివాళ్లకీ

అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మా మందిరంలో మళ్లీ ఆరాధన మొదలైంది. ఐదు నెలలు ఎవరో ఒకరి డాబా మీద షామియానా కింద కూర్చున్నవాళ్లం గనక, లోపలికి రాగానే అందరూ పైకి చూశారు. చాలామంది "ఏం మారింది?" అన్నారు. తప్పేం లేదు. శ్లాబు మరమ్మతుకి మీరిచ్చిన డబ్బులో ఎక్కువ భాగం కంటికి కనబడని చోటికే పోయింది. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి అదెక్కడికి పోయిందో నేనే చెప్పాలి.

మాది విశాఖ వన్‌టౌన్‌లో, హార్బరుకి దగ్గర్లో ఉన్న చిన్న సంఘం. రాస్ హిల్ చర్చిలాగా జనం కొండెక్కి వచ్చి చూసే కట్టడం కాదు, మామూలు శ్లాబు మందిరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిందే ఆదివారం. వరండా రేకులు ఎగిరిపోయాయి, కిటికీ అద్దం ఒక్కటీ మిగల్లేదు. ఊరంతా అదే గోల. దొరికిన రేకులు వేసి, శ్లాబు పగుళ్లకి సిమెంటు పూసి, రంగు కొట్టించి హమ్మయ్య అనుకున్నాం. ఆ రంగే మమ్మల్ని ఇన్నేళ్లు మోసం చేసింది.

కిందటేడు వానల్లో, పాటల బృందం కూర్చునే బెంచీల మీద పెచ్చు ఊడిపడింది. రెండు చేతులతో ఎత్తాల్సినంత పెచ్చు. దేవుని దయ, అది శుక్రవారం మధ్యాహ్నం.

మొదటి కృతజ్ఞత మా వీధిలోని రిటైర్డ్ ఇంజనీరు గారికి. ఆయన మా సంఘస్థులు కాదు, శనివారం శనివారం వెంకటేశ్వరస్వామి కొండ ఎక్కే మనిషి. చిన్న సుత్తి పట్టుకుని, పరంజా ఎక్కి, శ్లాబంతా కొట్టి చూశారు. డొల్లగా మోగిన ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రం గీశారు. దిగేసరికి మా పైకప్పు చుక్కల ముగ్గులా ఉంది. "ఉప్పుగాలి లోపలికి దిగితే ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని నెట్టేస్తుంది. పైన ఎంత పూసినా లోపల దాని పని అది చేసుకుపోతుంది. రంగు సంగతి మర్చిపోండి" అన్నారు. ఫీజు మాటెత్తితే కోప్పడ్డారు. కాఫీ మాత్రం తాగారు, అదీ పంచదార లేకుండా.

ఆయన చెప్పినట్టే జాకీలు పెట్టి, వదులైన కాంక్రీటంతా ఊచల వెనకదాకా చెక్కించాం. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, మరీ సన్నబడ్డచోట కొత్త ఊచలు కట్టి, జింకు ప్రైమరు కొట్టి, పాలిమర్ కలిపిన మోర్టారు పొరలు పొరలుగా వేశారు శ్రీకాకుళం మేస్త్రీలు. పైన వాలు సరిచేసి, వాటర్ ప్రూఫింగ్ చేసి, మూడు రోజులు నీళ్లు నిలబెట్టారు. ఆ మూడు రాత్రులు నేను పడ్డ టెన్షన్ మా ఇంట్లోవాళ్లని అడగండి. చుక్క కారలేదు.

డబ్బు సంగతి. ముందు పెట్టె తెరిచింది స్త్రీల సమాజమే, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా తీసిపెట్టిన పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు. కోత పండుగ వేలంలో ఒకే గుమ్మడికాయ మూడుసార్లు అమ్ముడుపోయింది, కొన్న ప్రతివాడూ మళ్లీ వేలానికే ఇచ్చేశాడు. చివరికి పాస్టరమ్మగారు దాంతో పులుసు పెట్టారు. వేటకెళ్లే కుటుంబాలకి మాత్రం మా పని అడ్డంగా వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చేతిలో పైసా ఆడదు. "బోట్లు కదిలాక ఇస్తాం" అని, ఈలోపు కుర్రాళ్లు శిథిలాలన్నీ మోసి పడేశారు. కూలీ లెక్క వేస్తే అదే పెద్ద కానుక. జూన్ నెలాఖరుకి కవర్లు కూడా వచ్చాయి. మేం గుర్తు చేయలేదు.

దోహాలో ఉన్న చెల్లెమ్మ పంపింది తీసుకున్నాం. అమెరికాలో ఉన్న అన్నయ్య పంపుతానన్నది తీసుకోలేదు. ఆయనకి అక్కడి పౌరసత్వం ఉంది. విదేశీ విరాళాల చట్టం కింద మా సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు, రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే అవుతుంది. చెల్లెమ్మది ఇప్పటికీ మన పాస్‌పోర్టే, తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపింది గనక ఆ చిక్కు లేదు. అన్నయ్యా, నొచ్చుకోకు. తీసుకోలేని డబ్బుకి కూడా మా లెక్కల పుస్తకంలో ఒక పేజీ రాసుకున్నాం.

దాతల పేర్లతో రాయి వేయించమని ఒకరిద్దరు అడిగారు. వద్దనుకున్నాం. పిడికెడు బియ్యానికి ఎవరి పేరు చెక్కిస్తాం?

కనబడే పని ఒక్కటే, గుమ్మం దగ్గర ర్యాంపు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలట. అందుకే బాదం చెట్టు చుట్టూ తిరిగి వచ్చింది. పోయిన ఆదివారం వీల్‌చెయిర్‌లో ఇద్దరు మామ్మలు ఎవరూ ఎత్తకుండా లోపలికొచ్చారు. ఒకావిడ మళ్లీ బయటికెళ్లి ఇంకోసారి వచ్చింది.

బయటి గోడల రంగు మిగిలింది, ఇప్పట్లో లేదు. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఆరాధన అయ్యాక ఎవరైనా చూడొచ్చు. ఇంకొకటి. ఎవరో ఇచ్చిన పొడుగాటి వెదురు నిచ్చెన వెనక వరండాలో ఉండిపోయింది. ఎవరిదో చెబితే ఇంటికి తెచ్చిస్తాం.