రేటు పెంచాం, అల్యూమినియం రిమ్ముల సొట్టలు తీయడం ఆపేశాం, ఎందుకంటే

అందరికీ నమస్తే. వైజాగ్‌లో స్పోకు చక్రాలు బాగుచేసే మన షాపుకి ఎక్స్‌పల్స్‌లు, హిమాలయన్లు, ట్రాక్ మీద తిప్పే డర్ట్ బైకులు తెచ్చేవాళ్లందరికీ ఒకేసారి చెప్పేద్దామని రాస్తున్నా, ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పలేక గొంతు పోతోంది.

ముందు రేటు. చక్రం అవుట్, అంటే తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగడం, తీయడానికి ఇకనుంచి 500, స్పోకులన్నీ విప్పి మళ్లీ కట్టాలంటే 1,800, స్పోకుల సెట్టు ఖరీదు వేరే. ఎక్కువే, కాదనను. కానీ సముద్రం పక్కన ఊరు మనది, ఉప్పుగాలికి నిపుల్స్, అంటే స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు, స్పోకుకి పట్టేసి ఉంటాయి, భీమిలి ఇసుకలో తిప్పి కడక్కుండా పెట్టేసిన బండైతే ఇక చెప్పక్కర్లేదు, తుప్పు స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసినా కొన్ని తిరగవు, బలవంతం చేస్తే నిపుల్ తల గుండ్రంగా అరిగిపోతుంది, అప్పుడు కోసి తీయాల్సిందే. ఆ టైమంతా పాత రేటులో కలవట్లేదు.

ఇక గొడవ వచ్చేది సొట్టల దగ్గర. "పక్క షాపులో వేడి చేసి సుత్తితో కొట్టి తీసేస్తున్నారు కదా అన్నా, నువ్వెందుకు తీయవు" అంటున్నారు. ఇనప రిమ్ముకి చిన్న సొట్టైతే ఇప్పటికీ తీస్తా. అల్యూమినియం అలా కాదు, ఒకసారి వంగిన చోట వెనక్కి వంచితే కంటికి కనపడని పగులు రావచ్చు, ఎక్కువ వేడి పెడితే ఆ చోట మెత్తబడిపోతుంది. వంజంగి కొండ నుంచి దిగే మలుపుల్లో అలా తీసిన ముందు చక్రం విరిగితే? నేను చెయ్యను. రిమ్ము మారుద్దాం, చక్రం మధ్యలో ఉండే హబ్ బాగుంటే అదే వాడుకోవచ్చు.

అసలు సొట్ట ఎందుకొస్తుందంటే చాలావరకు టైర్లో గాలి తక్కువై. గ్రిప్పు కోసం బాగా దించేసి అదే గాలితో రాళ్ల మీద స్పీడుగా కొట్టేస్తున్నారు.

స్పోకు తెగిందని వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనేది "అన్నా, గట్టిగానే బిగించాను" అని. లూజుగా ఉన్న స్పోకు కూడా తెగుతుంది బాబూ, చక్రం తిరిగే కొద్దీ హబ్ దగ్గరున్న వంపు అటూ ఇటూ ఆడి అలిసిపోయి విరుగుతుంది, దాని బరువు పక్కవాటి మీద పడి అవీ పోతాయి. మరీ బిగిస్తే రిమ్ములో నిపుల్ కన్నం చుట్టూ పగుళ్లు. రైడ్ అయ్యాక చిన్న పానాతో ఒక్కో స్పోకుని తట్టి చూడండి, టింగ్‌మనాలి, టక్‌మంటే అది లూజు. బిగించాల్సొస్తే వరుసగా పోకండి, రెండు వదిలి మూడోది పట్టుకోండి, పావు చుట్టు మించి తిప్పొద్దు, ప్రతి రౌండూ పక్క స్పోకు నుంచి మొదలుపెడితే మూడు రౌండ్లలో 36 స్పోకులూ అయిపోతాయి. కొత్తగా కట్టిన చక్రమైతే మొదటి రైడ్ తర్వాత కచ్చితంగా చూడాలి, స్పోకులు సర్దుకుని లూజవుతాయి, దానికి మా దగ్గర డబ్బులు తీసుకోం, తెచ్చేయండి చాలు.

చాలా బండ్ల మాన్యువల్‌లో రిమ్ము అవుట్ 2 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటారు. నేను 1 లోపు దింపి ఇస్తా, జీరో మాత్రం అడక్కండి. ఇంకోటి, ఇంట్లో బాగా బిగించేసినవాళ్లు టైరు విప్పి లోపల చూడండి, స్పోకు కొన నిపుల్ దాటి పైకొస్తే ట్యూబు పంక్చరే, ఆకురాయితో అరగదీసి ట్యూబుకి నిపుల్స్ తగలకుండా రిమ్ములో వేసే టేప్ కొత్తది వెయ్యాలి.

ట్యూబు రిమ్ముకి లోపల టేప్ అంటించి ట్యూబ్‌లెస్ చెయ్యమని ఈమధ్య తెగ అడుగుతున్నారు. చెయ్యం. ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచు జారకుండా ఒక గట్టు ఉంటుంది, మామూలు ట్యూబు రిమ్ముల్లో చాలావాటికి ఉండదు, గాలి తగ్గితే టైరు లోపలికి జారుతుంది. పైగా తర్వాత స్పోకు ముట్టుకుంటే లీకు మొదలు. కంపెనీ నుంచే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలతో వచ్చిన హిమాలయన్ 450 సంగతి వేరు, వాటికి అవుట్ తీస్తాం.

ఆదివారం సాయంత్రం లంబసింగి నుంచి దిగి నేరుగా వచ్చి సోమవారం పొద్దుటికి కావాలంటే కుదరదు, నాకున్న హెల్పర్ ఒక్కడే. బురద కడిగి, చక్రం మాత్రమే విప్పి తెచ్చినవాళ్లకి వంద తగ్గిస్తా.

అన్నట్టు పాత హీరో ఇంపల్స్ బైకు ముందు రిమ్ము, 19 అంగుళాలది, పగుళ్లు లేనిది ఎవరి దగ్గరైనా మూలన పడుంటే చెప్పండి, ఒక కస్టమర్ బండి దానికోసమే షాపులో ఆగిపోయింది.