సంఘం వార్షిక నివేదిక: ప్లాను తిప్పి పంపినవారికి సన్మానం

బ్రహ్మపురం, గంజాం జిల్లా, ఒడిశా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, త్యాగరాజ ఆరాధన ఎప్పటిలాగే జరిగాయి. తెలుగు తరగతులకు పిల్లలు తగ్గారు. ఆ సంగతి సర్వసభ్య సమావేశంలో విడిగా మాట్లాడుకుందాం.

ఈ ఏడాది ముఖ్యంగా చెప్పవలసింది భవనం గురించి. వెనుక వంటశాల, పైన ఒక అంతస్తు వేయడానికి పెట్టిన ప్లాను రెండుసార్లు తిరిగి వచ్చింది. చేయి తడపనందుకే అని మొదట కొందరం అనుకున్నాం. అన్నవారిలో నేనూ ఉన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అనుమతులిచ్చే కార్యాలయానికి రెండోసారి వెళ్ళినప్పుడు, ప్లాన్లు చూసే డ్రాఫ్ట్స్‌మన్ మన ప్లానును బల్ల మీద పరిచి, చుట్టుకుపోతున్న అంచు మీద టీ గ్లాసు పెట్టి, మన ప్రహరీ దగ్గర స్కేలు ఆనించారు. వంటశాల గోడకూ ప్రహరీకీ మధ్య మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందు. "సిలిండర్లు ఇక్కడే పెడతారు కదా! పెళ్ళిలో మంట లేస్తే జనం ఎటు పోవాలండీ?" అని శుభ్రమైన తెలుగులో అడిగారు. నేను నోరు మెదపలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు మనకు 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిశాక, ఇక్కడి చట్టాలు 1956లో ఒకటి, 1982లో ఒకటి వచ్చాయి. ఇప్పటి భవన నియమావళి 2020 నాటిది. వీధి వెడల్పును బట్టి ఇంటి ఎత్తు, ఇంటి చుట్టూ వదలవలసిన జాగా, అన్నీ అందులో ఉన్నాయి. వాటిని కూర్చుని రాసినవారి పేర్లు మనకు తెలియవు. మెట్లు రోడ్డు మీదికి జరిగిన పాతబస్తీ సందుల్లో ఠాకురాణీ అమ్మవారి యాత్ర చూసినవారికి మాత్రం వారి విలువ తెలుస్తుంది.

అందుకే డ్రాఫ్ట్స్‌మన్‌నూ, ఎండలో టేపు పట్టి మన స్థలం కొలిచిన అమీన్‌నూ (సర్వేయరునూ) సన్మానానికి పిలిచాం. శాలువాలు వద్దన్నారు, ఉద్యోగంలో ఉండి తీసుకోకూడదట. టీ తాగి వెళ్ళారు. శాలువాలు కార్యాలయ బీరువాలో ఉన్నాయి. పట్టణ ముసాయిదా ప్రణాళికను ప్రకటించి అభ్యంతరాలు అడిగినప్పుడు మనలో ఎవరైనా వెళ్ళారా అని అమీన్‌గారు పోతూ పోతూ అడిగారు. ఎవరూ వెళ్ళలేదు. ఈసారికి ఇద్దరు సభ్యులు ఒప్పుకున్నారు.

సవరించిన ప్లానుకు అనుమతి వచ్చింది. కొత్త వంటశాలలో గాడిపొయ్యి పట్టదు కనుక సమారాధన వంట ముందు ఆవరణలోనే. చందా బాకీలు ఉన్నవారు కోశాధికారిని కలవండి.

– కార్యదర్శి